పోటు లేని పోటు

1988 ఆగస్టు పన్నెండు, శుక్రవారం, అమాస. ఆ పొద్దు తిన్నదేమిటో నాగమణికి ఎన్నేళ్లయినా మరుపుకు రాలేదు. జొన్నరొట్టె, పుంటికూర పప్పు, ఎర్రగా నూరిన ఎల్లిగడ్డ కారం. పండుగ వంటేమీ కాదు. కాకపోతే గద్వాల నేతగాళ్ల వాడలో అమాసనాడు ఏ ఇంట్లోనూ మగ్గం ఆడదు. ఆ ఒక్కనాడే ఆమె పెనిమిటి వీరయ్య గోడకు వీపు ఆనించి తీరుబడిగా తింటాడు. మిగతా రోజుల్లో నాలుగు ముద్దలు గబగబా మింగి, మూతి తుడుచుకుంటూనే మళ్ళీ మగ్గం గుంతలో కాళ్లు పెట్టే మనిషి.

రొట్టె తుంచి కారంలో అద్దాడు. ముక్క నోటిదాకా రాలేదు. చేతిలోంచి జారి పళ్లెంలో పడింది. మళ్ళీ తీశాడు, మళ్ళీ పడింది. ఏదో అనబోయాడు. మాట ముద్దయిపోయి పెదవి దాటలేదు. నోరు ఒక పక్కకు కొద్దిగా జారినట్టయింది.

నాగమణి పళ్లెం పక్కకు తోసి అతని కుడిచెయ్యి పట్టుకుంది. చెయ్యి వెచ్చగానే ఉంది. తిరిగి పట్టుకోవడమే లేదు.

ఆమె ఎవర్నయినా పిలిచేలోపే ఆ వేళ్లు కదిలాయి. వీరయ్య వాటిని ముడిచి, చాచి చూసుకున్నాడు. "రాత్రి చెయ్యి మీద పండుకున్న గాబట్టి మొద్దువారింది" అన్నాడు. మాట మామూలుగానే వచ్చింది. పడిన ముక్క తీసుకుని తిన్నాడు, ఇంకో రొట్టె కూడా అడిగి తిన్నాడు. నాగమణికి మాత్రం ఆ పూట మెతుకు దిగలేదు.

వనపర్తిలో ఆమె పెద్దన్న ఎల్లన్న టైలరు. చేతిలోంచి కత్తెర జారి పడిందని నవ్వుకుంటూ చెప్పుకున్న వారంలోనే కుడిపక్క మొత్తం పడిపోయింది. కత్తిరించిన చొక్కాలు కుట్టకుండానే అట్లా తాడుకు వేలాడుతుండేవి. వదిన వాటిని తీసెయ్యనిచ్చేది కాదు. నాగమణి పోయినప్పుడల్లా అన్న నులకమంచం మీద కూర్చుని ఎడమచేత్తో కుడిచేతిని తీసి ఒళ్లో పెట్టుకునేవాడు, పక్కింటి పసిపిల్లను తీసి పెట్టుకున్నట్టు. ఇప్పుడు ఆమె కళ్ల ముందు తిరుగుతున్నది ఆ చెయ్యే. పోగుల మధ్య నాడె విసిరే చెయ్యి పడిపోతే వీరయ్య ఏం మిగులుతాడు? ఆ మనిషికి మగ్గం తప్ప ఇంకో ముచ్చట తెలియదు.

అతనికి రక్తపోటు ఉందన్న సంగతి ఎండాకాలంలోనే బయటపడింది. జరీ పోగు కళ్లకు ఆనడం లేదని బస్టాండు వెనక డాక్టరు సామ్యూల్ దగ్గరికి పోతే, ఆయన కళ్ల సంగతి తర్వాత చూద్దామని ముందు జబ్బకు పట్టీ చుట్టాడు. రక్తపోటు చాలా ఉందని చెప్పి గోలీలిచ్చాడు. వీరయ్య గోలీల పొట్లం తెచ్చి గూట్లో పెట్టాడు. ఆ సంగతి వాడంతా తెలిసింది, వాడంతా నవ్వింది.

"వీరన్నకు బీపీ ఏందిరా? చీమ కుట్టినా దానికి దారిచ్చే మనిషి" అన్నాడు ఎదురింటి మల్లేశ్. వాడకంతటికీ కోపిష్టి వాడే. "నాకు రావాల్సింది తప్పి ఆ ఇంటికి పోయినట్టుంది."

ఆ వాడలో బీపీ లేచిందంటే కోపం వచ్చిందనే అర్థం. వీరయ్యకు కోపం రాదు. కాబట్టి ఆ మాటను ఎవరూ పట్టించుకోలేదు.

అమాస మర్నాడు నాగమణి అతన్ని లేవదీసి డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. మగ్గం మీద సగం చీర ఉందని, శ్రావణంలో షావుకారు ఊరుకోడని ఎన్ని చెప్పినా వినలేదు. సామ్యూల్ పట్టీ చుట్టి, రబ్బరు బుడ్డ ఒత్తి, పాదరసం దిగుతుంటే చెవుల్లో గొట్టాలు పెట్టుకుని విన్నాడు. ఆయన మొహం బిగుసుకుంది.

"గోలీలు వేసుకుంటున్నావా, వీరయ్యా?"

"ఏస్కుంటున్న సార్."

"రోజూనా?"

"పోటు వచ్చినప్పుడల్ల."

డాక్టరు గొట్టాలు మెడలోకి లాక్కున్నాడు. "ఏం పోటు?"

"మీరే అంటిరి గద సార్, రక్తపోటని. పన్నుపోటు నాకెరుకే, తలపోటు ఎరుకే. ఈ పోటు మాత్రం ఇంకా నా దిక్కు రాలే. రెండుమార్లు తల నొస్తే ఏస్కున్న, తగ్గింది. మంచి గోలీలే సార్, బదునాం చెయ్యొద్దు."

సామ్యూల్‌కు నవ్వు వచ్చింది. వచ్చినంత తొందరగానే పోయింది. కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"ఈ పోటు నొప్పి కాదయ్యా. నాళాల్లో నెత్తురు ఎంత బలంగా తోసుకుపోతుందో ఆ తోపుడు పేరు ఇది. నొయ్యదు, గుచ్చదు. నీకు తెలియకుండానే గుండెను అలసగొడుతుంది, మూత్రపిండాలను పాడు చేస్తుంది, మెదడులో నాళాన్ని మూసేస్తుంది, లేదంటే పగలగొడుతుంది. నిన్న చెయ్యి జారింది చూడు, అది బెదిరింపు. ఇంకోసారి వస్తే బెదిరించి పోదు."

"నొయ్యనిది రోగమెట్లయితది సార్?" వీరయ్య మెల్లగా అడిగాడు. ఎగతాళికి కాదు, నిజంగానే తెలుసుకోవాలని.

"మా అన్నకు గిట్లనే అయ్యింది సార్" అంది నాగమణి. "గదేనా ఇది?"

"అదేనమ్మా."

నొచ్చినా నొవ్వకపోయినా పొద్దున్నే ఒక గోలి. బీడీ బంద్. తొక్కు, ఉప్పు తగ్గించాలి. వారం వారం వచ్చి చూపించుకోవాలి. ఆయన చెప్పిందంతా నాగమణి పెదవులు కదుపుతూ మనసులో చదువుకుంది. వీరయ్య గోడ మీది క్యాలెండరులో కృష్ణా నది బొమ్మ చూస్తూ కూర్చున్నాడు.

ఆ తర్వాత నాగమణికి స్థిమితం లేకుండా పోయింది. వంటింట్లో ఉన్నా ఆమె చెవి మగ్గం మీదే ఉండేది. నాడె అటు పోయిన చప్పుడు, ఇటు వచ్చిన చప్పుడు, పోగును బిగిస్తూ అచ్చు కొట్టిన చప్పుడు. ఆ చప్పుడు ఆగిందంటే చేతిలో చిప్ప ఉంటే చిప్ప, చీపురుంటే చీపురు, అట్లాగే పరుగెత్తుకొచ్చేది. వీరయ్య తెగిన పోగు అతుకుతూనో, ముక్కు చీదుకుంటూనో ఉండేవాడు.

"ఏందే, కుక్క తరిమినట్టు ఉరికొస్తవు?"

"పిడికిలి బిగించు."

"మళ్లా?"

"బిగించు అంటున్న గద."

బిగించి చూపేవాడు. వీధి అరుగు మీద కూర్చున్నప్పుడు మల్లేశ్‌తో, "పొద్దుగూకులు పిడికిలి బిగించుమంటది తమ్ముడూ. ఎవరిని గుద్దాల్నో మాత్రం చెప్పదు" అని నవ్వేవాడు.

రాత్రి పక్కలో అతని ఊపిరి వింటూ పడుకునేది. ఊపిరి పెద్దగా వస్తే భయం, నెమ్మదిగా వస్తే ఇంకా భయం. కూరలో ఉప్పు తగ్గించి, ఆ చప్పిడి కూర తనూ తిన్నది. పొద్దున్నే అతను మగ్గానికి మొక్కి కూర్చోగానే గోలి, గ్లాసుతో నీళ్లు తన చేత్తోనే అందించేది. అతను గోలి నోట్లో వేసుకుని గటగటా తాగి గ్లాసు తిరిగి ఇస్తేనే అక్కణ్ణుంచి కదిలేది.

మొదటి నాలుగు దినాలు వీరయ్య సణిగాడు. "గిది మింగి లేస్తే కండ్లకు చీకట్లొస్తున్నయే. కాళ్లు తేలిపోతున్నయి. మింగకముందే సల్లగుంటి. రోగం గోలీలనే ఉన్నట్టుంది."

"అలవాటైతది. మింగు."

ఆ తర్వాత అతను సణగడం మానేశాడు. కళ్లు తిరగడం కూడా తగ్గిందన్నాడు. బీడీ మానేశాడు, ఇల్లు వాసన మారింది. మగ్గం మీది చీర దిగింది. రెండోసారి చూపించుకోవడానికి రమ్మంటే మాత్రం ఇప్పుడు కాదు, అప్పుడు కాదని జరుపుతూ వచ్చాడు. గోలి పడుతోంది కదా అని ఆమె కూడా ఎక్కువ పట్టుబట్టలేదు. ఆ ఒక్క నమ్మకం మీదే కాస్తో కూస్తో కునుకు తీసేది.

సెప్టెంబరులో మళ్ళీ అమాస వచ్చింది. మగ్గం ఆగిన రోజే మగ్గం గుంత ఊడుస్తారు. నెల రోజుల నూలు తుంపులు, దుమ్ము, తెగిన పోగులు అంతా అడుగున మెత్తగా పేరుకుని ఉంటుంది. నాగమణి గుంతలోకి దిగి, కాళ్లతో తొక్కే కట్టెలు పక్కకు జరిపి, చేత్తో తుంపులు చాటలోకి ఎత్తింది. వేళ్లకు ఏదో గట్టిగా తగిలింది. సున్నపు పెళ్ల అనుకుంది. వెలుతురుకు పట్టుకుని చూసింది.

గోలి. సగం కరిగి, మట్టి అంటుకుని, ఎర్ర పట్టుపోగు ఒకటి చుట్టుకుని ఉంది. దాని పక్కన ఇంకొకటి. మూలకు జరిపి చూస్తే గుప్పెడు.

చాట అట్లాగే ఎత్తుకుని బయటికి వచ్చింది. వీరయ్య అరుగు మీద మల్లేశ్‌తో కూర్చుని ఉన్నాడు. ఆమె చాట తెచ్చి అతని మోకాళ్ల ముందు పెట్టింది. అతను చూశాడు, తల దించుకున్నాడు.

"రోగం నీకొచ్చిందా, మగ్గానికొచ్చిందా?" అంది. మొదలు చిన్న గొంతుతోనే అంది. తర్వాత ఆ గొంతు ఆమె చేతిలో లేకుండా పోయింది. "నా చేత్తో ఇస్తే నాలుక కింద దాచుకుంటవా? నేను వంటింట్లకు పోంగనే ఉమ్ముతవా? దినాం నీ పిడికిలి చూస్కుంట సచ్చిపోతున్న, మీ అందరికి నవ్వులాటయ్యిందా? మా వదిన లెక్క నన్ను కూడ ఒక పక్క పడిపోయిన మనిషికి నోట్లె ముద్ద పెట్టుకుంట కూసోమంటవా?"

"వదినా, జర నెమ్మది" అన్నాడు మల్లేశ్. "మగ్గానికైనా బీపీ దిగుంటది పో."

"నువ్వు నోరు మూసుకో మల్లేశ్! నీ నోట్లె కూడ ఏస్త ఇవి."

పక్కింటి హన్మమ్మ గోడ మీదుగా తొంగి చూసింది. "ఓ నాగమణీ, మెల్లగనే తల్లీ. నరాలు తెగుతయి."

మల్లేశ్ చెప్పులు వెతుక్కుని వెళ్లిపోయాడు. వీరయ్య లేవలేదు. చాటలో గోలీ ఒకటి తీసి దాని చుట్టూ ఉన్న ఎర్ర పోగును ఓపికగా విప్పుతూ కూర్చున్నాడు. అది చూసి ఆమెకు ఇంకా ఒళ్లు మండింది.

సాయంత్రానికి నాగమణి తల పగిలిపోయేటంత నొప్పి. కొంగు చించి నుదుటికి బిగించి కట్టి గోడవైపు తిరిగి పడుకుంది. ఆమెకు తలపోటు కొత్త కాదు, వారానికోసారి వచ్చిపోయేదే. కానీ ఈసారి మర్నాడు పొద్దెక్కినా లేవలేదు. వీరయ్య తనే పొయ్యి రాజేసి చాయ్ పెట్టి తెచ్చాడు. ఆమె తాగలేదు. అతను తలుపు దగ్గర నిలబడ్డాడు, మంచం దగ్గర నిలబడ్డాడు, మగ్గం దగ్గరికి పోయి కూర్చోకుండానే తిరిగి వచ్చాడు.

సాయంత్రం అతని మొహంలో ఏదో తేలినట్టు వెలుగు కనబడింది.

"లే. డాక్టరు కాడికి పోదాం పా."

"ఎందుకు, గోలీలు వాపసు ఇయ్యనీకా?"

"కాదే. నాకిప్పుడు సమజైంది. ఈ బీపీ నాది కాదు, నీది. డాక్టరు తారుమారు చేసిండు."

ఆమెకు తలనొప్పిలోనూ నవ్వొచ్చినట్టయింది, ఏడుపొచ్చినట్టయింది. ఎట్లాగైతేనేం, అతను డాక్టరు గడప తొక్కుతానంటున్నాడు. అదే చాలని లేచి, మొహం కడుక్కుని, తలకట్టు విప్పకుండానే అతని వెంట నడిచింది. అరుగు మీది మల్లేశ్‌కూ ఆ తారుమారు సంగతి చెప్పే వీరయ్య కదిలాడు.

సామ్యూల్ దీపాలు పెట్టే వేళకు ఒక్కడే ఉన్నాడు. వీరయ్య కూర్చోకుండానే మొదలుపెట్టాడు. "సార్, మీరు పెద్దమనుషులు, మీరే న్యాయం చెప్పాలె. కోపం ఎవరిది? ఈమెది. నిన్న వాడంత ఇన్నది. తలపోటు ఎవరిది? ఈమెది. నిద్ర లేనిదెవరు? ఈమెనే. నాకు ఈ మూడింట్ల ఒక్కటి లేదు. గోలీలు మాత్రం నాకిస్తిరి. ఈమె పేరు మీద మార్పించుండ్రి."

డాక్టరు ఆమె తలకట్టు చూశాడు, అతన్ని చూశాడు. నవ్వలేదు. యంత్రం పెట్టె తెరిచి, పాదరసం గొట్టం వీరయ్యవైపు తిప్పిపెట్టాడు.

"నేను చెప్పను. ఇది చెబుతుంది. నువ్వే విను." గొట్టాలు తన మెడలోంచి తీసి వీరయ్య చెవుల్లో పెట్టాడు. "పాదరసం దిగుతుంటుంది. చప్పుడు ఎక్కడ మొదలవుతుందో చూసి నాకు చెప్పు."

నాగమణి జబ్బకు పట్టీ బిగిసింది. ఆమె కళ్లు మూసుకుంది. ఒకవేళ అతను అన్నదే నిజమైతే? తనకూ ఉంటే? ఇద్దరూ పడిపోతే ఎవరి నోట్లో ఎవరు ముద్ద పెట్టాలి?

పాదరసం పైకి పోయి మెల్లగా దిగింది. వీరయ్య నోరు తెరుచుకుని వింటున్నాడు. "ఏం లేదు... ఏం లేదు... ఆ, మొదలైంది సార్. టక్ టక్ అంటుంది."

"ఎక్కడుంది?"

"నూట ఇరవై కాడ."

"బాగుంది. మంచి నెత్తురు. అమ్మా, నీకు రక్తపోటు లేదు."

వీరయ్య ఆ మాట నమ్మలేక ఇంకోసారి చెయ్యమన్నాడు. డాక్టరు ఓపికగా చేశాడు. అక్కడే మొదలైంది. "ఇంత అరుస్తది గద సార్" అన్నాడు వీరయ్య నెమ్మదిగా, ఎక్కడో మోసం జరిగిందన్నట్టు.

"అరవడం వేరు, ఇది వేరు. ఇప్పుడు నీ చెయ్యి ఇవ్వు. గొట్టాలు తియ్యకు, చెవుల్లోనే ఉండనీ."

పట్టీ వీరయ్య జబ్బకు మారింది. బయట రాయచూరు బస్సు కండక్టరు కేకలు వినిపిస్తున్నాయి. పాదరసం నిలువునా పైకి పోయింది. డాక్టరు మరను ఒక్క పిసరు వదిలాడు. కొంచెం దిగిందో లేదో, వీరయ్య ఉలిక్కిపడ్డాడు.

"గిప్పుడే మొదలైందేంది సార్? ఇంకా పైననే ఉంది గద!"

"ఎంత పైన?"

"రెండువందల కాడ." అతను కదలకుండా విన్నాడు. "కొడుతుంది. మొత్తుతుంది సార్ లోపల." పాదరసం ఆమె దగ్గర చప్పుడు మొదలైన గీత దాటి కిందికి పోయింది. అతని కళ్లు దాంతోపాటే దిగుతున్నాయి. "ఇంకా ఆగలే. ఇంకా కొడుతనే ఉంది."

ఆగాక గొట్టాలు తనే తీశాడు. తన చేతిని తిప్పి చూసుకున్నాడు. పైన ఏమీ లేదు, ఎప్పటి చెయ్యే.

"తారుమారు కాలే" అన్నాడు.

సామ్యూల్ ఆ తర్వాత నెమ్మదిగా మాట్లాడాడు. కళ్లు తిరిగితే తనకు చెప్పాలి గానీ గుంతలో ఉమ్మితే ఎట్లా అన్నాడు. వేరే గోలీలిచ్చాడు. పడుకుని లేచేటప్పుడు మెల్లగా లేవాలన్నాడు. కొన్నాళ్లకు అంకె దిగినా అది మందు వల్లేనని, తగ్గిందని మానితే మళ్ళీ అక్కడికే ఎగబాకుతుందని చెప్పాడు. నాగమణి తలపోటు నిద్రలేమిదే, నిద్రపోవడమే ఆమెకు మందన్నాడు. మొదటి గోలి తన ముందరే వేసుకోమన్నాడు. వీరయ్య వేసుకుని నీళ్లు తాగి, ఎవరూ అడగకుండానే ఆమెవైపు తిరిగి నోరు తెరిచి నాలుక ఎత్తి చూపించాడు. డాక్టరు పక్కకు తిరిగి పెట్టె మూస్తున్నట్టు చాలాసేపు సర్దుకున్నాడు.

ఇద్దరూ వాడకు తిరిగి వచ్చారు. మల్లేశ్ అరుగు మీదినుంచి "ఏమన్నా, ఎవరిదట?" అని కేకేస్తే, "నాదే" అని మాత్రం అని ఇంట్లోకి నడిచాడు.

తిన్నాక నాగమణి పక్క వేసింది. ఇంకా ఎనిమిది కూడా కాలేదు. వాడలో ఒకటి రెండు మగ్గాలు ఇంకా ఆడుతున్నాయి. వీరయ్య దీపం కింద కూర్చుని ఎడమచేతి వేళ్లతో కుడి మణికట్టు పట్టుకుని చూసుకుంటున్నాడు.

"ఏం తెలుస్తలేదే" అన్నాడు. "లోపల గంత మొత్తుకుంటుంటే నాకెట్ల తెల్వలే?"

"ఎవరికి తెలుస్తది?"

"మీ అన్నకు గూడ తెల్వలేనా?"

"తెల్వలే."

అతను లేచి మగ్గం దాకా పోయాడు. తిరిగి వచ్చాడు. కూజాలో నీళ్లు తాగాడు. గూట్లో కొత్త పొట్లం ఉందో లేదో చూశాడు. మళ్ళీ కూర్చుని మళ్ళీ లేచాడు.

"రేపు పొద్దున నేను మర్చిపోతే లేపి ఇయ్యి" అన్నాడు. "కాదు, నేనే ఏస్కుంట. నువ్వు లేవకు. నిద్రపొమ్మన్నడు గద నిన్ను."

"నువ్వు పండుకోవా?"

"పండుకుంట. జర కూసుంట. నువ్వు పండుకో."

అతని అడుగులు గోడ నుంచి గోడకు పోయి వస్తున్నాయి. లేచి ఏదైనా చెప్పాలనుకుంది. కంగారు పడొద్దనో, అన్నకొచ్చిన కష్టం మనకు రాదనో. కానీ ఇన్ని రోజులు ఆమె ఒక్కతే తిరిగిన దారిలో ఇప్పుడు ఇంకో మనిషి తిరుగుతున్నాడు. ఒక్క పూట తిరగనీ అనుకుంది. ఆ ఆలోచనకు ఆమె ఒళ్లు ఒక్కసారిగా బరువెక్కింది. తలకట్టు సడలి చెవి మీదికి జారింది, సర్దుకోబుద్ధి కాలేదు. ఎదురింటి మగ్గం ఆగింది. ఆమె ఉలిక్కిపడలేదు.

సగం నిద్రలో అడుగులు వాకిలి వైపు పోవడం వినిపించింది. ఆ తలుపు కింద రాయికి ఒరుసుకుని కీచుమంటుంది. వీరయ్య దాన్ని రెండు చేతులా కొంచెం పైకి ఎత్తిపట్టి, చప్పుడు కాకుండా దగ్గరికి తెచ్చి, లోపలి గొళ్లెం వేశాడు.